జాతీయ పతాకాన్ని కళలోకి తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పొందూరు నుంచి ఒక ప్రశ్న

డ్రాయింగు మాస్టారు (పొందూరు మండలం, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం.

పొందూరు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను పద్దెనిమిదేళ్లుగా చిత్రలేఖనం చెబుతున్నాను. నా దగ్గర చదువుకుని, వేర్వేరు ఉద్యోగాలలో స్థిరపడిన తరవాత కూడా కుంచె వదలని పదకొండు మంది పూర్వ విద్యార్థులతో కలిసి, వచ్చే జనవరిలో శ్రీకాకుళంలో ఒక ప్రదర్శన ఏర్పాటు చేయాలని సంకల్పించాము. దానికి ఎంచుకున్న విషయం దేశమూ, దాని గుర్తులూ. త్రివర్ణ పతాకం, సింహాల ముద్ర, దేశపటం, నోటు మీద గాంధీజీ ముఖం, కూడళ్లలో నిలబెట్టిన విగ్రహాలు ప్రతిరోజూ మన కళ్ల ముందే ఉంటాయి గాని, బడిలో వాటిని గీయించే నేనే వాటి ముందు నిలబడి చూసింది చాలా తక్కువ. ఆగస్టు పదిహేనుకు పిల్లలు గీసే జెండాలలో ధర్మచక్రానికి ఒకరు పదహారు ఆకులు వేస్తారు, ఇంకొకరు ముప్పై వేస్తారు. ఇన్నేళ్లుగా ఆ లెక్క సరిచేయిస్తూ వచ్చాను గాని, అసలు అక్కడ చక్రం ఎందుకు ఉందో ఏ పిల్లవాడితోనూ మాట్లాడలేదు.

ఇక్కడ అడగడానికి మరొక కారణం ఉంది. క్రితం ఏడాది ఒక సమష్టి ప్రదర్శనకు మా విద్యార్థిని ఒకామె చిత్రం పంపింది. ఆమెది ఎచ్చెర్ల తీరంలోని మత్స్యకార కుటుంబం. ఆ తీరం నుంచి వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళ్లడం, 2018 చివరిలో అక్కడి సముద్రంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇరవై మందికి పైగా పాకిస్తాన్ చేతికి చిక్కడం, వారిలో ఎక్కువమంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరడం అందరికీ తెలిసిన సంగతులే. ఆ రోజులలో ఆమె బడి పిల్ల. ఆమె గీసినది ఒక పాత తెరచాప. చిరుగులకు వేసిన మాసికలలో ఒకటి కాషాయం, ఒకటి తెలుపు, ఒకటి ఆకుపచ్చ. ప్రారంభోత్సవం నాటి ఉదయం నిర్వాహకులు ఆ చిత్రాన్ని గోడ మీద నుంచి దించి, వెనక గదిలో గోడకు తిప్పి పెట్టారు. కారణం ఆమెకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆ తరవాత ఏడు నెలలు ఆ పిల్ల కుంచె పట్టలేదు. ఆమెను మళ్లీ బొమ్మల దగ్గరికి తేవడమే ఈ ప్రదర్శనలో నాకు అన్నిటికంటె ముఖ్యం.

నా సందేహాలు మూడు. ఇతర దేశాలలో, మన దేశంలో ఇప్పటి కళాకారులు ఇటువంటి గుర్తులను ఏ విధంగా పట్టుకున్నారు? చట్టం ఎంతవరకు అనుమతిస్తుంది? పెద్ద నగరాల గ్యాలరీలలో నడిచే ఈ పద్ధతి మన ఊళ్లకు నప్పుతుందా, లేక మనకు మనదైన దారి ఒకటి ఉందా? తెలిసినవారు ఓపికగా రాయగలరు.

రంగూ రేఖా (విజయనగరం, విశాఖపట్నంలో దృశ్యకళల పరిశోధక విద్యార్థిని)

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న చదివిన దగ్గర నుంచి ఆ తిప్పిపెట్టిన చిత్రమే కళ్లలో మెదులుతున్నది. నాకు తెలిసినంతవరకు మొదటి సందేహానికి సమాధానం రాస్తాను.

ఈ విషయం మాట్లాడేవారు సాధారణంగా అమెరికా చిత్రకారుడు జాస్పర్ జాన్స్‌తో మొదలుపెడతారు. సైన్యంలో పనిచేసి 1953లో బయటికి వచ్చిన అతను, మరుసటి సంవత్సరం తమ దేశపు జెండాను చిత్రించడం మొదలుపెట్టాడు. చింపిన వార్తాపత్రికల ముక్కల మీద రంగు కలిపిన వేడి మైనాన్ని పూస్తూ చేసిన పని అది. దగ్గరికి వెళితే మైనం కింద అక్షరాలు లీలగా కనిపిస్తాయి. అతను జెండాను వంచలేదు, చింపలేదు, రంగులు మార్చలేదు. అయినా దాని ముందు నిలబడినవారికి, ఎదురుగా ఉన్నది జెండానా, జెండా బొమ్మనా అన్న సందేహం వదలదు. అదే దేశంలో 1990లో డేవిడ్ హామన్స్ మరొక దారి పట్టాడు. అమెరికా జెండాలోని చారలనూ నక్షత్రాలనూ అలాగే ఉంచి, నల్లజాతి ప్రజల ఉద్యమ పతాకంలోని ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులతో దానిని కుట్టించాడు. ఈ దేశంలో నేనూ ఉన్నాను అని ఒక మనిషి చెప్పుకోవడానికి అంతకంటె తక్కువ మాటలు అవసరమవుతాయని నేను అనుకోను.

అయితే మీ పనికి ఇంకా దగ్గరగా వచ్చేవారు, గుర్తు కంటె దానిని దేనితో చేశామన్నదాని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టిన కళాకారులని నా అభిప్రాయం. పాలస్తీనా మూలాలున్న మోనా హాతూమ్ 1996లో జెరూసలేంలో రెండు వేలకు పైగా నాబ్లస్ సబ్బు బిళ్లలను నేల మీద పరిచి, ఇజ్రాయెల్‌తో కుదిరిన ఓస్లో ఒప్పందంలో పాలస్తీనాకు ఇచ్చే భూభాగాల హద్దులను వాటి మీద చిన్న ఎర్ర పూసలతో గుచ్చింది. ఆలివ్ నూనెతో ఆ సబ్బు చేయడం నాబ్లస్ పట్టణపు పాత వృత్తి. సబ్బు నీళ్లు తగిలితే కరుగుతుందన్న సంగతి ఆమె ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. చైనాకు చెందిన ఐ వెయ్‌వెయ్ 2010లో లండన్‌లోని టేట్ మోడర్న్ కళా మ్యూజియం హాలు నేల మీద పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పోయించాడు. అవి నిజమైన గింజలు కావు. పింగాణీకి పేరుపడిన జింగ్‌డెజెన్ పట్టణంలో సుమారు 1,600 మంది పనివారు ఒక్కొక్కటిగా చేతితో రంగు వేసిన పింగాణీ గింజలు. సాంస్కృతిక విప్లవ కాలపు ప్రచార చిత్రాలలో మావో సూర్యుడైతే, ప్రజలు ఆయన వైపు తిరిగే పొద్దుతిరుగుడు పూలు. ఆ గుర్తును అతను వెక్కిరించలేదు. పూవును గింజలుగా విడదీసి, ఒక్కొక్క గింజ వెనక ఒక్కొక్క చేయి ఉందని చూపించాడు.

మన దేశంలో ముంబయికి చెందిన శిల్పా గుప్తా పనులను మీ పిల్లలకు తప్పక చూపించండి. ఒక పనిలో ఆమె వందమందిని తమ దేశపటాన్ని చూడకుండా, జ్ఞాపకం నుంచి గీయమని అడిగింది. ఒకరి గీత మరొకరి గీతతో కలవదు. 2011-12లో చేసిన మరొక పనిలో గాజు పెట్టెలో దారపు ఉండ ఒకటి మాత్రమే ఉంటుంది. భారత పాకిస్తాన్ సరిహద్దులో 1,188.5 మైళ్ల మేర వేసిన కంచెను లెక్కకు తీసుకుని, దానిలో 14.9వ వంతు పొడవున్న దారాన్ని చేతితో చుట్టి చేసిన ఉండ అది. చేతిలో పట్టే వస్తువుగా మారినప్పుడు గాని ఆ దూరం నాకు అర్థం కాలేదు. జితీశ్ కల్లాట్ 2007లో, దండియాత్రకు ముందురోజు, అంటే 1930 మార్చి 11న గాంధీజీ చేసిన ప్రసంగాన్ని ఎముకల ఆకారంలో పోతపోసిన నాలుగు వేలకు పైగా అక్షరాలతో అల్మరాలలో పేర్చాడు. నౌపడ ఉప్పు కొఠార్లను చూస్తూ పెరిగిన మన ప్రాంతపు పిల్లలకు ఆ ప్రసంగం మరొక రకంగా వినిపిస్తుందని నాకు అనిపిస్తుంది.

పరిశోధనలో భాగంగా చూసిన పనులలో నాకు నచ్చనివి కూడా చాలా ఉన్నాయి. జెండా తెచ్చి దాని మీద ముళ్లకంచె వేసి, లేదా ఎర్ర రంగు చల్లి వదిలేసిన చిత్రాలలో గుర్తు ఎంత గట్టిగా అరుస్తుందో, చిత్రకారుడు చెప్పదలచినది అంత తక్కువగా వినిపిస్తుంది. మీ విద్యార్థిని చిత్రం ఆ కోవలోది కాదు. ఆమె తన ఇంటి వస్తువుతో మొదలుపెట్టి దేశం దాకా వెళ్లింది. మీ మూడో ప్రశ్నకు సమాధానం అందులోనే ఉంది.

నూలుపోగు (పొందూరు)

మాస్టారికి నమస్కారం. నేను చిత్రకారిణిని కాను. మా అమ్మమ్మ, మా అమ్మ నూలు వడికినవారు, మా నాన్న మగ్గం నేసినవాడు. జెండా అన్నారు కాబట్టి బట్ట గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇంతకుముందు జెండా బట్ట చేతితో వడికి, చేతితో నేసినదే అయి ఉండాలన్న నియమం ఉండేది. 2021 డిసెంబరు 30న నియమావళిని సవరించి, యంత్రం మీద చేసిన బట్టతోనూ, పాలిస్టరుతోనూ జెండా చేయవచ్చునన్నారు. ఇంటింటికీ జెండా చేరాలంటే చవకగా ఉండాలన్నది నేను అర్థం చేసుకోగలను. ఎగిరేది ఏ బట్టయినా నేను లేచి నిలబడతాను. కాని ఆ వార్త చదివిన రోజున మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

పొందూరు బట్టతో జెండాలు కుట్టరు. జెండా గాలికి నిలవాలి కాబట్టి దాని నేత మందంగా ఉండాలి. మా సన్న నూలు అందుకు పనికిరాదు. మాది కొండపత్తి. గింజ మీద ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతాము. ఆ దవడలోని సన్నని పళ్లు చెత్తను లాగి, పోగులను ఒక వరసలోకి తెస్తాయి. తరవాత గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చుట్టి అరటి దొప్పలో భద్రం చేయడం, రాట్నం మీద వడకడం, ఆ నూలును చిలపలుగా, అంటే చుట్టలుగా చుట్టడం. ఇవన్నీ ఆడవాళ్ల చేతుల మీద జరిగే పనులు. వంద నంబరు నూలు, అంటే చాలా సన్నని నూలు తీయాలంటే ఏకు పట్టుకున్న వేళ్లకు తప్ప కంటికి ఆ పోగు అందదు.

మీరు చక్రం అక్కడ ఎందుకు ఉందని అడిగారు. మా ఇంట్లో ఒంటి కదురు (నూలు చుట్టుకునే ఇరుసు) రాట్నానికి ఆకులు ఇరవై నాలుగు. చిన్నతనంలో జెండా మీది చక్రం మా అమ్మ రాట్నమేనని నమ్మేదాన్ని, బడిలో అశోకుని చక్రమని చెబితే ఇంటికి వచ్చి ఏడ్చాను. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నది ఏమంటే, నేను పూర్తిగా పొరపడలేదు. 1931 నాటి కాంగ్రెసు జెండా మీద నిజంగానే రాట్నం ఉండేది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో కొత్త పతాకాన్ని ప్రతిపాదిస్తూ నెహ్రూ, రాట్నం బొమ్మ రెండు వైపుల నుంచీ ఒకే రకంగా కనిపించదని, అందువల్ల దానిలో ముఖ్యమైన చక్రాన్ని ఉంచి మిగిలిన భాగాలను విడిచిపెట్టామని వివరించాడు. అంటే రాట్నంలోని చక్రం మిగిలింది. కదురూ, దారమూ పోయాయి. వడికే మనిషి ఆ రెండింటి దగ్గరే కూర్చుంటుంది.

మీరు జెండా జోలికి వెళ్లకముందు తెల్లబట్ట దగ్గర కొన్నాళ్లు ఆగండి. మీ పిల్లలను ఒకరోజు మా ఇంటికి పంపండి. రాట్నం ముందు కూర్చోబెడతాను.

న్యాయవాది (విజయనగరం)

రెండో సందేహానికి సంబంధించి చెప్పగలిగినది చెబుతాను.

ప్రధానమైనది 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం. బహిరంగ స్థలంలో, లేదా ప్రజలకు కనిపించే చోట పతాకాన్ని కాల్చడం, చింపడం, వికృతపరచడం, తొక్కడం వంటి పనులకు మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రజలు వచ్చే ప్రదర్శనశాల కూడా బహిరంగ స్థలమే. చట్టంలోని వివరణ ఒకటి చిత్రకారులు తప్పక చదవాలి. పతాకం అంటే పతాకం మాత్రమే కాదు. దాని చిత్రం, ఛాయాచిత్రం, మరే రూపమైనా, మొత్తమైనా, అందులో ఒక భాగమైనా, ఏ పదార్థంతో చేసినదైనా పతాకమే. పైన రాసిన సోదరి జాస్పర్ జాన్స్ గురించి చెబుతూ, ఎదురుగా ఉన్నది జెండానా, జెండా బొమ్మనా అన్న సందేహం వదలదన్నారు. మన చట్టం ఆ సందేహాన్ని ముందే తీర్చేసింది. బొమ్మ కూడా జెండాయే. అందువల్ల అక్కడ కాన్వాసు మీద చేసిన ప్రయోగాన్ని ఇక్కడ అలాగే చేయవచ్చునని అనుకోరాదు.

పతాకం మీద ఏ రకమైన రాతా ఉండకూడదు. నడుము కింద ధరించే దుస్తులకు వాడకూడదు. దిండ్లు, చేతి రుమాళ్ల మీద కుట్టకూడదు. విగ్రహాలకు కప్పకూడదు. కావాలని నేలకు తగలనివ్వకూడదు. అయితే అదే చట్టం మరొక మాట కూడా స్పష్టంగా చెబుతున్నది. రాజ్యాంగాన్ని గాని, పతాకాన్ని గాని, ప్రభుత్వ చర్యలను గాని న్యాయమార్గంలో మార్పు కోరుతూ విమర్శించడం ఈ సెక్షన్ కింద నేరం కాదు. 2004 జనవరి 23న సుప్రీంకోర్టు, పతాకాన్ని గౌరవంగా ఎగరవేసుకోవడం పౌరుడి భావప్రకటన హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. పతాకం పౌరుని మాట కూడా కాగలదన్న అంగీకారం ఆ తీర్పులో నాకు కనిపిస్తుంది. నేను దానికి చాలా విలువ ఇస్తాను.

సింహాల చిహ్నానికి 2005 నాటి చట్టం వేరే ఉంది. 2012లో కార్టూనిస్టు అసీం త్రివేది సింహాల స్థానంలో తోడేళ్లను గీసిన కార్టూను, మరికొన్ని బొమ్మల కారణంగా ముంబయిలో రాజద్రోహం అభియోగంతో అరెస్టయ్యాడు. తరవాత ప్రభుత్వం ఆ అభియోగాన్ని విరమించుకుంది. 2015లో బొంబాయి హైకోర్టు, విమర్శను రాజద్రోహంతో కలపరాదని పోలీసులకు మార్గదర్శకాలు నిర్దేశించింది. దేశపటం విషయంలో 1961 నాటి క్రిమినల్ చట్ట సవరణ ప్రకారం సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోలని భారతదేశ పటాన్ని ప్రచురించడం శిక్షార్హం. పిల్లల చేత జ్ఞాపకం నుంచి గీయిస్తే అవి జ్ఞాపకచిత్రాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి, పక్కనే అధికారిక పటాన్ని ఉంచండి. వాటిని కరపత్రంలోగాని, సంచికలోగాని అచ్చు వేయకండి.

ఇక తెరచాప చిత్రం. మాసికలు మూడూ పక్కపక్కనే పతాకపు వరసలో ఉన్నాయా, చెదురుగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి నా సలహా మారుతుంది. చెదురుగా ఉంటే అందులో అభ్యంతరం నాకు కనిపించదు. వరసగా ఉంటే, చిరిగిన వస్తువు మీద పతాకాన్ని చూపారని ఎవరైనా ఫిర్యాదు చేయడానికి వీలుంటుంది. నిర్వాహకులు మాత్రం దించేముందు చిత్రకారిణితో మాట్లాడి, కారణం రాతపూర్వకంగా ఇవ్వవలసింది.

మాజీ సుబేదారు (విజయనగరం జిల్లా)

నా అభిప్రాయం మీలో చాలామందికి నచ్చకపోవచ్చు. అయినా చెప్పడం నా బాధ్యత.

మా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి సైన్యంలో చేరినవారు ఎందరో ఉన్నారు. నేను ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఒక సహచరుని పార్థివదేహాన్ని అతని ఊరికి తీసుకువచ్చిన బృందంలో నేను ఉన్నాను. శవపేటిక మీద పతాకాన్ని కప్పినప్పుడు కాషాయం తల వైపు ఉండాలి. చితికి చేర్చేముందు దానిని తీసి మడవాలి. అది మనిషితో పాటు కాలకూడదు. ఆ మడిచిన పతాకాన్ని అతని తల్లి చేతిలో పెట్టినది నేనే. ఆమె దాన్ని ముఖానికి ఆనించుకుంది. ఆ బట్ట బరువు నాకు ఇప్పటికీ అరచేతులలో ఉంది. అందువల్ల ఆ మూడు రంగులు చిరిగిన తెరచాపకు మాసికలుగా కనిపిస్తే నాకు బాధ కలుగుతుంది, చట్టం ఏమి చెప్పినా సరే.

కాని ఆ అమ్మాయితో ఒక మాట అయినా మాట్లాడకుండా బొమ్మను గోడకు తిప్పి పెట్టడం కూడా నాకు నచ్చలేదు. ఆమె ఊరి మనుషులు కనిపించని గీత ఒకటి దాటినందుకు పరాయి దేశపు జైలులో ఏడాదికి పైగా గడిపారు. ఆ గీత ఎక్కడుందో భూమి మీద కాపలా కాసిన నాకు తెలుసు, నీటి మీద వలవేసిన వాళ్లకు తెలియలేదు. ఆ మాసికలతో ఆమె ఏమి చెప్పదలచుకుందో ఆమె నోట వినాలని ఉంది.

రంగూ రేఖా (విజయనగరం)

సుబేదారు గారూ, మీ జాబు రెండుసార్లు చదివాను. ఆ అరచేతుల బరువు గురించి మీరు రాసిన మాటలు ఏ గ్యాలరీలోనూ నాకు దొరకలేదు. పతాకం మీకు ఒక తల్లి ముఖాన్ని గుర్తుకు తెస్తుంది. ఆ పిల్లకు అది వాఘా దగ్గర ఊరివాళ్లు దాటి వచ్చిన గేటును గుర్తుకు తెస్తున్నదేమో. మాసిక అవమానం కోసం వేయరు. ఇంకా పనికి వస్తుంది, ఇంకా గాలిని పట్టగలదు అనుకున్న చాపకే వేస్తారు. మీ బాధను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ప్రదర్శనకు మీరు తప్పకుండా రావాలి.

కళింగ చరిత్ర (శ్రీకాకుళం, చరిత్ర అధ్యాపకుడు)

నూలుపోగు గారు రాట్నం నుంచి అశోక చక్రం దాకా తెచ్చి ఆపారు. అక్కడి నుంచి నేను కొంత చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆ చక్రానికీ మన నేలకూ మధ్య ఒక పాత లెక్క ఉంది.

సింహాల ముద్ర, ధర్మచక్రం రెండూ అశోకునివి. ముఖలింగం నుంచి గంగరాజులు పాలించిన మన ప్రాంతం ప్రాచీన కళింగంలో భాగం. ఆ కళింగాన్ని అశోకుడు తన ఎనిమిదో పాలనా సంవత్సరంలో జయించాడు. లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని, లక్షమంది హతులయ్యారని, అంతకు ఎన్నోరెట్లు మంది తరవాత చనిపోయారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని అతనే పదమూడో శిలాశాసనంలో చెక్కించాడు. ఆ శాసనం వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది, ఇతర చోట్ల కూడా ఉంది. కళింగంలో లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోను, మనకు ఇరుగైన గంజాం జిల్లా జౌగడలోను చెక్కిన శాసనాలలో పదకొండు, పన్నెండు, పదమూడు విడిచిపెట్టి, వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. మనుషులందరూ నా బిడ్డలే అని చెప్పేది వాటిలోనే. అంటే గాయపడినవారి ఎదుట పశ్చాత్తాపం చెప్పలేదు. వారి దగ్గరి అధికారులకు మాత్రం న్యాయంగా ఉండమని ఆజ్ఞలు ఇచ్చాడు. దానికి కారణాన్ని చరిత్రకారులు రకరకాలుగా ఊహించారు. నాకు మాత్రం అది సిగ్గుపడిన రాజు మౌనంగా కనిపిస్తుంది.

శ్రీకాకుళంలో పతాకాన్ని ఎత్తినప్పుడు, ఓడినవారి నేల మీద గెలిచినవాని చక్రం ఎగురుతున్నది. ఇది ఫిర్యాదుగా అనడం లేదు. యుద్ధాన్ని విడిచిపెట్టిన రాజు గుర్తు కాబట్టే కొత్త దేశం దానిని ఎంచుకుంది. కాని ఈ సంగతి తెలిసి ఆ చక్రాన్ని చూడడం, తెలియక చూడడం ఒకటి కాదు. ఈ పని ఢిల్లీ కళాకారుని కంటె మీ పిల్లలే బాగా చేయగలరని నా నమ్మకం. సాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల శిథిలాలకు వారిని ఒకసారి తీసుకువెళ్లండి. వంశధార వైపు తిరిగి నిలబడి ఈ శాసనాన్ని చదివి వినిపించండి.

మరొక చిన్న మాట. మనం జాతీయం అంటున్నాం గాని, తెలుగులో జాతి అనే మాట భారతజాతికీ వాడతాము, తెలుగుజాతికీ వాడతాము. 2024 డిసెంబరు 9న హైదరాబాదు సచివాలయంలో ఆవిష్కరించిన తెలంగాణ తల్లి విగ్రహానికి కిరీటం లేకపోవడం మీద ఎంత వాదన జరిగిందో చూశాము. తల్లి బొమ్మ ఏ చీర కట్టాలన్నది కూడా రాజకీయమే అయినప్పుడు, మీ ప్రదర్శనలో తెలుగుతల్లికి కూడా ఒక గోడ ఉంచితే బాగుంటుంది.

డ్రాయింగు మాస్టారు (పొందూరు మండలం, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ కృతజ్ఞతలు. ఈ జాబులన్నీ అచ్చు తీసి క్రితం ఆదివారం పిల్లలకు చదివి వినిపించాను. తెలుగుతల్లి గోడ విషయం ఈసారికి పక్కన పెట్టాము. పదకొండు మందితో అంత పని చేయలేము.

సుబేదారు గారూ, మీరు వినాలన్న సమాధానం ఆ అమ్మాయి చేతే రాయించి పంపమన్నాను. ఆమె రాయనంది. మిమ్మల్ని కలిసి చెబుతానంది. మాసికలు వరసగానే ఉన్నాయని, వకీలు గారి ప్రశ్నకు సమాధానంగా, నేను ఒప్పుకోవాలి. ఆ చిత్రాన్ని తిరిగి పెట్టాలా వద్దా అని ఆమెనే అడిగాను. అది అలాగే ఇంట్లో ఉంటుందని, చాపను మళ్లీ కొత్తగా చేస్తానని చెప్పింది. ఈసారి రంగులు ఉండవు. నిజమైన చాప అంత కొలతలో, చలువ చేయని పొందూరు బట్ట. దాని మీద వాళ్ల నాన్న వల నుంచి తీసిన తాళ్లతో మాసికలు. ముందు ఒక రాట్నం, కదురుతోనూ దారంతోనూ. ఏడు నెలల తరవాత ఆమె కాగితం మీద కొలతలు వేస్తుంటే నేను బయటికి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

రెండో పని అందరం కలిసి చేస్తాము. అశోకుని పదమూడో శాసనానికి సరళమైన తెలుగు అనువాదం అధ్యాపకుల వారి సాయంతో తయారు చేసుకుని, తెల్ల ఖాదీ మీద తెల్ల నూలుతోనే కుడతాము. కళింగంలో చెక్కని మాటలు కాబట్టి దూరం నుంచి ఏమీ కనిపించకూడదని, దగ్గరికి వచ్చి తల వంచితేనే చదవగలగాలని పిల్లల ఆలోచన. పతాకం మీద రాత నిషిద్ధమని వకీలు గారు చెప్పారు. ఇది పతాకం కాదు గాని, చూసేవారు దాని పక్కన మిగిలిన రెండు రంగులను తామే ఊహించుకుంటారేమోనని నాకు ఆశ. జ్ఞాపకం నుంచి దేశపటం గీసే పనిని బడి పిల్లలతో చేయించాము, అయితే ప్రదర్శనలో పెట్టడం లేదు. ఒక సంగతి మాత్రం చెప్పాలి. ముప్పై నాలుగు మందిలో ఇరవై తొమ్మిది మంది శ్రీకాకుళాన్ని చుక్కపెట్టి చూపించారు, కాని దానిని ఉండవలసిన చోటికంటె బాగా కిందికి, దాదాపు తమిళనాడు పక్కకు తెచ్చారు. ఎందుకో ఇంకా ఆలోచిస్తున్నాను.

నూలుపోగు గారూ, మీ ఇంటికి పిల్లలను ఎప్పుడు తీసుకురమ్మంటారు? కుట్టడానికి ఏ నంబరు నూలు వాడాలో కూడా తెలియజేయగలరు.

నూలుపోగు (పొందూరు)

ఆదివారం పొద్దున్నే రండి మాస్టారూ, ఎండెక్కితే పోగు తెగుతుంది. బట్టకు సన్న నూలు సరే గాని, అక్షరాలకు అది ఆనదు. ముతక నూలు రెండు పోగులు పేని కుట్టాలి. పేనడం మా అమ్మ చూపిస్తానంటోంది. శాసనంలో మాటలు ఎన్నో లెక్కపెట్టి చెప్పండి, దాన్ని బట్టి చిలపలు తీసి ఉంచుతాము.